పడవలో పుట్టిన వర్ధకం: హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్ జీవితం

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కొందరి పేర్లు పసిబాలురకు సైతం తెలుసు. ఎడిసన్, మార్కోని, గ్రాహంబెల్ అటువంటివారు. మరికొందరి పేర్లు ఆయా శాస్త్రాలు చదివినవారికి కంఠస్థములే గాని, వీథిలో నడిచే మనిషికి అపరిచితాలు. వారు చేసిన పని మాత్రం చడీచప్పుడు లేకుండా ఇంటింటా వెలసి ఉంటుంది. హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్ ఈ రెండవ కోవకు చెందిన మహనీయుడు. ఇంట్లో పాటలు వినిపించే పెట్టెలోను, సభలో వక్త కంఠాన్ని చిట్టచివరి వరుస దాకా మోసే యంత్రంలోను, టెలిఫోను తంతిలోను ఆయన ఊహ ఒకటి అనుక్షణం పనిచేస్తూ ఉంటుంది. ఆ ఊహ ఆయనకు ఒక పడవ మీద, నదీమధ్యంలో తట్టింది. దానిని లోకం అంగీకరించడానికి దాదాపు పదేళ్ళు పట్టింది.

ధ్వనివర్ధకం, అనగా ఆంప్లిఫైయర్, చేసే పని చెప్పడానికి సులభం. బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని గ్రహించి, దాని రూపం చెడకుండా బలమైన సంకేతంగా తిరిగి ఇవ్వడమే దాని విధి. మైకులోనో, టేపురికార్డరు హెడ్డులోనో పుట్టే విద్యుత్తు అతి స్వల్పమైనది. ఆ కొద్దిపాటి శక్తి లౌడ్‌స్పీకరులోని కాగితపు శంఖువును కదిలించజాలదు. అందుచేత దానిని అంచెలంచెలుగా పెంచాలి. పెంచడం కష్టం కాదు. రూపం చెడకుండా పెంచడమే కష్టం. మూలంలో లేని ధ్వనులు ఫలితంలో వచ్చి చేరడాన్ని వికృతి అందాము. పాత సెట్లలో గాయకుని గొంతు బొంగురుపోవడం, వీణ మోగితే రేకుడబ్బా మోగినట్లు ఉండడం ఈ వికృతి ఫలితాలే. బ్లాక్ జీవితమంతా ఈ ఒక్క శత్రువుతో చేసిన యుద్ధమంటే అతిశయోక్తి కానేరదు.

ఆయన 1898 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, లెమిన్‌స్టర్ పట్టణంలో జన్మించారు. వూస్టర్ పాలిటెక్నిక్ సంస్థలో విద్యుత్ ఇంజనీరింగు చదివి 1921లో పట్టం పుచ్చుకొన్నారు. ఆ ఏడే న్యూయార్కు నగరంలో వెస్ట్ వీథిలో ఉన్న వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో, వారానికి 32 డాలర్ల జీతం మీద ఉద్యోగంలో చేరారు. ఆ ప్రయోగశాలే 1925లో బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్ అనే విఖ్యాత సంస్థగా అవతరించింది.

చేరిన కొన్ని నెలలకే ఒక చేదు అనుభవం ఎదురైంది. తోటి ఇంజనీర్లలో దాదాపు అందరికీ జీతం పెరిగింది, ఆయనకు పెరగలేదు. ఉద్యోగం వదిలి వ్యాపారంలోకి పోదామా అన్నంతవరకూ ఆలోచన సాగింది. చివరకు ఆయన వదిలి పోలేదు. సెలవు దినమైన ఆదివారాలలో ప్రయోగశాలకు వచ్చి, సంస్థ పాత దస్తావేజులను ఒక్కొక్కటిగా తీసి చదవనారంభించారు. టెలిఫోను ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్న సంగతులు ఆ కాగితాలలో ఉన్నాయి. యజమాని మీద అలిగిన యువకులు సాధారణంగా చేసే పని ఇది కాదు. ఆయన తర్వాతి జీవితానికి పునాది ఈ ఆదివారాలలోనే పడిందని నాకు తోస్తుంది.

ఆ కాగితాలలో కనిపించిన చిక్కు ఎటువంటిదో కొంచెం వివరించాలి. 1915 జనవరి 25న న్యూయార్కు, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల మధ్య టెలిఫోను మార్గం ప్రారంభమైంది. ఖండాన్ని అడ్డంగా దాటే ఆ తంతిలో గొంతు దారిలోనే క్షీణించి పోకుండా, నడుమ శూన్యనాళికలతో చేసిన వర్ధకాలు ఏర్పరచారు. లీ డి ఫారెస్ట్ 1906లో కనిపెట్టిన ఆడియాన్ నాళికను హెరాల్డ్ ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్త అధిక శూన్యంతో బాగుచేసి, టెలిఫోనుకు పనికివచ్చేటట్లు చేశాడు. ఈ ఆర్నాల్డ్ పేరు పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మన కథలో మళ్ళీ వస్తాడు. ఒకే తంతి మీద ఒకే సంభాషణ పోతున్నంతవరకు కొద్దిపాటి వికృతిని చెవి సహించేది. కాని ఒకే తంతి మీద ఎన్నో సంభాషణలను ఒక్కసారిగా పంపించాలని సంస్థ సంకల్పించింది. అప్పుడు ఒక సంభాషణలోని వికృతి పక్క సంభాషణలో చొరబడుతుంది. పైగా వర్ధకాలు ఒకదాని వెనుక ఒకటిగా పదులకొద్దీ ఉంటాయి. మొదటిదాని దోషానికి రెండవదాని దోషం తోడవుతుంది, దానికి మూడవదానిది. వేల మైళ్ళు, వందల సంభాషణలు అని యువకుడైన బ్లాక్ లెక్క వేసి చూస్తే, అప్పటి వర్ధకాలు కావలసినదానికి ఎన్నో వేల రెట్లు దోషభూయిష్ఠంగా తేలాయి.

పెద్దలందరూ దోషం లేని నాళికను తయారు చేయాలని చూస్తున్నారు. బ్లాక్ కూడా మొదట అదే దారి పట్టారు. 1923 మార్చి 17న చార్లెస్ స్టైన్‌మెట్జ్ అనే ప్రఖ్యాత విద్యుత్ శాస్త్రజ్ఞుని ఉపన్యాసం వినడం జరిగింది. సమస్య ఎంత చిక్కనిదైనా దాని మూలాన్నే పట్టుకొని మాట్లాడే ఆ పెద్దమనిషి పద్ధతి బ్లాక్ మనసుకు హత్తుకొన్నది. ఇంటికి చేరేసరికి రాత్రి రెండు గంటలు దాటింది. ఆ వేళలోనే ఆయన తన ప్రశ్నను తిరగవేశారు. నాళిక దోషరహితం కానక్కరలేదు. అది చేసే దోషాన్ని ఫలితంలోనుంచి తీసివేస్తే చాలును కదా అనుకొన్నారు. ఫలితాన్ని తగ్గించి మూలంతో పోల్చి, రెండింటి తేడా తీస్తే మిగిలేది వికృతి ఒక్కటే. దానిని వేరొక వర్ధకంతో పెంచి అసలు ఫలితంలోనుంచి మినహాయిస్తే శుద్ధమైన సంకేతం మిగులుతుంది. మరునాడే ఆయన దీనికి నమూనాలు కట్టి చూశారు. పద్ధతి పనిచేసింది.

పనిచేసింది గాని, సంసారపక్షంగా నిలవలేదు. రెండు వర్ధకాలూ తూకం తప్పకుండా ఉంటేనే మినహాయింపు సరిగా కుదురుతుంది. గంటగంటకూ, రాత్రింబవళ్ళు, ఒక మనిషి కూర్చుని నాళికల తీగకు పోయే విద్యుత్తును సవరిస్తూ ఉండాలి. ఆరు గంటలకొకసారి బ్యాటరీ వోల్టేజిని సరిదిద్దాలి. దేశం పొడుగునా ఉన్న వందలాది కేంద్రాలలో ఇది సాధ్యమా? ఈ చిక్కుతో బ్లాక్ మరి నాలుగేళ్ళు పెనుగులాడారు.

1927 ఆగస్టు 2, మంగళవారం. బ్లాక్ ఎప్పటివలెనే హోబోకెన్ రేవులో లాకవానా పడవ ఎక్కి, హడ్సన్ నది దాటి ఉద్యోగానికి పోతున్నారు. నది నడుమ ఆయన మనసులో ఒక్కసారిగా పరిష్కారం మెరిసింది. ఎంతకాలంగానో వెదకిన సమాధానం ఆ క్షణంలో ఎందుకు వచ్చిందో ఆయనకే బోధపడలేదు. చేతిలో న్యూయార్కు టైమ్స్ పత్రిక ఉన్నది. అందులో ఖాళీగా ఉన్న జాగాలో బొమ్మ గీసి, సమీకరణం వ్రాసి, తేదీ వేసి సంతకం చేశారు. కార్యాలయం చేరగానే ఒక సహోద్యోగికి వివరించి, అర్థమైనదని సాక్షి సంతకం కూడ వేయించారు. ఆలోచన తట్టిన గంటలోపే అది చట్టరీత్యా రుజువుకు నిలిచే పత్రమైపోయింది. ఆదివారాలలో పాత దస్తావేజులు చదివినవాడికి కాగితం విలువ తెలియకుండా ఉంటుందా!

ఇంతకూ ఆ ఊహ ఏమి? ఫలితంలో ఒక చిన్న భాగాన్ని తీసి, తలక్రిందులు చేసి, మళ్ళీ ప్రవేశద్వారం దగ్గరకే పంపించడం. దీనిని తెలుగులో ఋణ పునర్నివేశమని చెప్పుకోవచ్చు. రిపేరు దుకాణాలలో వినిపించే మాట మాత్రం నెగటివ్ ఫీడ్‌బ్యాక్. ప్రవేశించే సంకేతానికి వ్యతిరేకంగా తిరిగివచ్చిన భాగం నిలుస్తుంది కనుక వర్ధకం బలం చాలా తగ్గిపోతుంది. కాని లోపల ఎక్కడ తేడా వచ్చినా ఆ తేడా తనంతట తానే వెనుకకు వచ్చి తన్ను తాను సరిదిద్దుకొంటుంది. ఆవిరి యంత్రానికి జేమ్స్ వాట్ అమర్చిన తిరుగుడు గుండ్లు వేగం హెచ్చితే ఆవిరిని తగ్గించి, వేగం తగ్గితే ఆవిరిని హెచ్చించినట్లే అని స్థూలంగా పోల్చవచ్చు.

లెక్కతో చూస్తే విషయం మరింత స్పష్టపడుతుంది. పునర్నివేశం లేనప్పుడు ఒక వర్ధకం సంకేతాన్ని 10,000 రెట్లు పెంచుతుందనుకొందాం. ఫలితంలో నూరవ వంతును వెనుకకు పంపితే, మొత్తం మీద దాని బలం సుమారు 99 రెట్లకు దిగిపోతుంది. నూరింట తొంభైతొమ్మిది పాళ్ళు పోయినట్లే. ఇప్పుడు లోపలి నాళికలు ముసలివై 10,000 కాస్తా 5,000కు పడిపోయిందనుకొందాం. పునర్నివేశం లేకపోతే ధ్వని సగానికి సగం పడిపోయేది. పునర్నివేశం ఉన్నందున 99 రెట్లు 98 రెట్లు అవుతుంది, అంతే. చెవి ఆ తేడాను పసిగట్టలేదు. వికృతి కూడా ఇదే లెక్కన తగ్గుతుంది. గంటకొకసారి సవరించే మనిషి అక్కరలేకపోయాడు. 1927 డిసెంబరు 29న జరిగిన పరీక్షలో 4,000 నుండి 45,000 సైకిళ్ళ వరకు గల పౌనఃపున్యాలలో వికృతి లక్షవ వంతుకు తగ్గింది.

ఇంతటి ఫలితం చూసి కూడా పెద్దలు నమ్మలేదంటే ఆశ్చర్యమేమీ లేదు. ఆ కాలపు ఇంజనీరుకు వర్ధనశక్తి అంటే ప్రాణం. ఒక్కొక్క రెట్టు బలం కోసం నాళికలు, బ్యాటరీలు పోసి సంపాదించినదానిని తొంభైతొమ్మిది పాళ్ళు పారబోయమంటే, బిందెడు పాలు కాచి గ్లాసెడు ఉంచి తక్కినవి ఒలకబోయమన్నట్లుగా తోచింది. అదీగాక ఫలితాన్ని ప్రవేశద్వారానికి తిరిగి పంపితే కూత పుడుతుందని అందరికీ తెలుసు. పరిశోధనాధిపతిగా ఉన్న ఆర్నాల్డ్ ఈ పద్ధతిని అంగీకరించక, మామూలు వర్ధకమే రూపొందించమని బ్లాక్‌ను ఆదేశించాడు. ఆడియాన్‌ను బాగుచేసి ఖండాంతర టెలిఫోనును సాధ్యం చేసిన ఆ మేధావికే ఈ ఊహ మింగుడు పడకపోవడం విధివిలాసం.

పేటెంటు కార్యాలయాలు మరీ కఠినంగా వ్యవహరించాయి. 1928 ఆగస్టు 8న దరఖాస్తు దాఖలైంది. అమెరికా కార్యాలయం తొమ్మిదేళ్ళకు పైగా తర్జనభర్జనలు పడి, 1937 డిసెంబరు 21న 2,102,671 సంఖ్య గల పేటెంటు మంజూరు చేసింది. బ్రిటిషు కార్యాలయం ఈ దరఖాస్తును, ఇంధనం లేకుండా నిరంతరం తిరిగే యంత్రం కనిపెట్టామని వచ్చేవారి దరఖాస్తుల కోవలో చేర్చి, పనిచేసే నమూనా చూపమన్నది. న్యూజెర్సీలోని మారిస్‌టౌన్‌లో ఇటువంటి వర్ధకాలు 70 వరకు టెలిఫోను తంతి పరీక్షలో చక్కగా పనిచేస్తున్నాయన్న సాక్ష్యం చూపిన మీదటనే సందేహాలు తీరాయి. ఇరవైతొమ్మిదేళ్ళ వయసులో గీసిన బొమ్మకు ముప్పైతొమ్మిదేళ్ళ వయసులో గుర్తింపు లభించింది. ఈ మధ్యకాలంలో ఆయన నిరుత్సాహపడి వేరే పనిలో పడిపోయి ఉంటే ఎవరు తప్పు పట్టగలరు?

కూత పుడుతుందన్న పెద్దల భయం పూర్తిగా నిరాధారం కాదని కూడ చెప్పాలి. సంకేతం వర్ధకం గుండా పోయి తిరిగి రావడానికి కొంత కాలం పడుతుంది. కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఆ ఆలస్యం వల్ల తలక్రిందులుగా రావలసినది నిటారుగా వచ్చి, వ్యతిరేకించడానికి బదులు బలపరుస్తుంది. అప్పుడు వర్ధకం తనంతట తాను అరుస్తుంది. ముషాయిరాలోనో, కళాశాల వార్షికోత్సవంలోనో మైకును లౌడ్‌స్పీకరుకు ఎదురుగా పెట్టగానే చెవులు చిల్లులు పడే కూత అందరమూ విన్నదే. కవిగారు మత్లా ఎత్తుకొనే సమయానికే అది రావడం ఆనవాయితీ! అది గాలిద్వారా జరిగిన ధన పునర్నివేశం. మైకు స్థానం మార్చడమో, ధ్వని తగ్గించడమో తప్ప దానికి మందు లేదు. వర్ధకం లోపల ఇదే జరగకుండా ఎంత పునర్నివేశం ఇవ్వవచ్చునో హారీ నైక్విస్ట్ 1932లో గణితసూత్రంగా నిరూపించాడు. హెండ్రిక్ బోడె 1945లో ప్రచురించిన గ్రంథంలో దానికి సమగ్రరూపం ఇచ్చాడు. బ్లాక్ ఊహకు ఈ ఇద్దరూ రెండు భుజాలవంటివారు. 1934 జనవరిలో బ్లాక్ స్వయంగా వ్రాసిన వ్యాసం వెలువడిన నాటినుండి ఈ విద్య లోకమంతటా ప్రాకింది.

టెలిఫోను కోసం పుట్టిన ఈ వర్ధకం ఇండ్లలోకి ఎప్పుడు వచ్చిందంటే, 1947లో విలియమ్సన్ అనే ఇంజనీరు ఇంగ్లండులోని వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఒక వర్ధకం నిర్మాణాన్ని ప్రచురించినప్పటినుండి ప్రాబల్యం వచ్చిందని చెప్పవచ్చు. నాలుగు అంచెల వర్ధకాన్ని ఒకే పునర్నివేశ వలయంలో బిగించి, వికృతిని అతి స్వల్పం చేసిన నిర్మాణమది. దానిని చూసి దేశదేశాల ఔత్సాహికులు ఇండ్లలో సెట్లు కట్టుకొన్నారు. ఆ తర్వాత వచ్చిన ట్రాన్సిస్టరు సెట్లలో పునర్నివేశం లేనిది అరుదు.

బ్లాక్ సూత్రం అర్థమైన విద్యార్థికి ఇంట్లోని సెట్టు చెడినప్పుడు సగం దారి తెలిసినట్లే. వలయం చేసే పని ఒక్కటే: ఫలితాన్ని ప్రవేశించినదానితో పోల్చడం. వలయంలోపల పుట్టిన దోషాన్ని అది అణచివేస్తుంది. బయటనుండి సంకేతంతోపాటే వచ్చిన దోషాన్ని సత్యమని నమ్మి, నిష్ఠగా పెంచి ఇస్తుంది. అందుచేతనే ఎంత ఖరీదైన సెట్టయినా, వాల్యూము బిరడాలో దుమ్ము చేరితే తిప్పినప్పుడల్లా గరగర మంటుంది. బిరడా సాధారణంగా వలయానికి ముందుంటుంది గనుక బ్లాక్ అక్కడ సహాయం చేయలేడు.

హమ్ము సంగతి కూడా అంతే. సెట్టులో ఎడతెగని గుమ్మనే శబ్దం వస్తే మొదట వాల్యూమును పూర్తిగా తగ్గించి చూడాలి. శబ్దం తగ్గిపోతే దోషం ముందుభాగంలో ఉన్నది. లోనికి వచ్చే తీగను ఊడదీసినప్పుడు శబ్దం ఆగితే ఆ తీగ కవచం తెగిందో, రెండు పరికరాలకు ఎర్తు రెండు దారుల కలిసిందో అయి ఉంటుంది. వాల్యూము తగ్గించినా శబ్దం తగ్గకపోతే, కరెంటును చదును చేసే పెద్ద కెపాసిటరు ఎండిపోయి ఉండవచ్చును. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళది; చదును కాని కరెంటు సాధారణంగా 100 సైకిళ్ళ హమ్ముగా వినిపిస్తుంది. రెండు స్పీకర్లలో ఒకటి మూగవోతే కుడి ఎడమ తీగలను తారుమారు చేసి చూడడం అన్నింటికన్నా సులువైన పరీక్ష. మౌనం ఇటునుండి అటు మారిందా, మారలేదా అన్నదే జవాబు.

ధ్వని బాగా పెంచినప్పుడు మాత్రమే గొంతు చిరిగిపోతున్నదంటే, అది సెట్టు శక్తికి మించిన కోరిక. ట్రాన్సిస్టరు తన హద్దు చేరి ఇక కదలలేనప్పుడు పునర్నివేశం ఎంత కొరడా ఝళిపించినా ప్రయోజనం లేదు. ఇక దోనె ఇంజను వలె టపటపమని మెల్లగా కొట్టుకొనే శబ్దం పాత వాల్వు సెట్లలో తరచు వస్తుంది. అంచెల మధ్య ఉండవలసిన కెపాసిటరు చెడి, అన్ని అంచెలూ ఒకే సరఫరాద్వారా ఒకదానితో ఒకటి గుసగుసలాడుకోవడమే దానికి కారణం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మార్చిన వెంటనే సెట్టు అరవడం మొదలుపెడితే భయపడనక్కరలేదు. తీగలు తారుమారై ఋణం ధనమైపోయి ఉంటుంది. ఒకవైపు రెండు తీగలను ఇటుదటు చేస్తే చల్లబడుతుంది. బ్లాక్ సూత్రాన్ని కళ్ళారా, చెవులారా నిరూపించే ప్రయోగం ఇంతకన్న లేదు.

అయితే ఈ వలయమే రిపేరు చేసేవాడికి పరీక్ష పెడుతుంది కూడా. గుండ్రంగా తిరిగే సంకేతంలో మొదలేది, తుది ఏది? నేటి ట్రాన్సిస్టరు సెట్లలో ఒక అంచె చెడితే అన్ని అంచెల వోల్టేజీలూ తప్పుగానే కనిపిస్తాయి. అందువల్ల కంటికి కనిపించిన భాగమల్లా మార్చుకుంటూ పోవడం డబ్బు దండుగ. ముందు స్పీకరును ఊడదీసి, ఆ చోట సంకేతం లేనప్పుడు డి.సి. వోల్టేజి ఎంత ఉన్నదో మీటరుతో చూడాలి. రెండు సరఫరాల సెట్లలో అది దాదాపు సున్నా ఉండాలి. సరఫరా వోల్టేజి మొత్తం అక్కడే కనిపిస్తే ఆ స్థితిలో స్పీకరు తగిలించడం అంటే దాని కాయిలును చేజేతులా కాల్చడమే. సెట్టును మళ్ళీ కరెంటుకు పెట్టేటప్పుడు మన మెకానిక్కులు వాడే సీరీస్ బల్బు గొప్ప రక్షణ. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మేలు; ధగధగ వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్లు. స్విచ్చి ఆపినా పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుందనీ, వాల్వు సెట్లలో అది ప్రాణాపాయమనీ ప్రారంభకులు మరువరాదు.

పునర్నివేశం సర్వరోగనివారిణి అన్న నమ్మకం కూడ ఒక దశలో ప్రబలింది. నాసిరకం వర్ధకానికి పునర్నివేశం మరింత దట్టించి, కాగితం మీద వికృతి అంకెను తగ్గించి చూపడం వ్యాపారులకు అలవాటైంది. 1970లో మత్తి ఒటాలా అనే ఫిన్లండు శాస్త్రజ్ఞుడు, హఠాత్తుగా లేచే స్వరాల వద్ద నెమ్మదిగా కదిలే అటువంటి వర్ధకాలు కొత్తరకం వికృతిని పుట్టిస్తాయని చూపి, పెద్ద చర్చకు కారకుడయ్యాడు. ఇందులో బ్లాక్ దోషమేమీ లేదు. మంచి వర్ధకాన్ని కట్టి, దానికి మించిన బలం సమకూర్చి, ఆపైన ఆ బలాన్ని త్యజించమన్నాడు గాని, చెడ్డదానికి ముసుగు వేయమని ఆయన ఎన్నడూ చెప్పలేదు.

బ్లాక్ ఆ ఒక్క ఆవిష్కరణతో ఊరుకోలేదు. సంభాషణలను స్పందనలుగా మార్చి పంపే విధానాలపై కృషి చేశారు. 1953లో మాడ్యులేషన్ సిద్ధాంతంపై ఆయన గ్రంథం వెలువడింది. అరవైకి పైగా అమెరికా పేటెంట్లు ఆయన పేరు మీద ఉన్నాయి. అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 1957లో లామె పతకంతో గౌరవించింది. 1963లో బెల్ సంస్థనుండి విరమించుకొన్న తర్వాత కూడ మరికొంతకాలం వేరొక సంస్థలోను, ఆపై సలహాదారుగాను పనిచేశారు. పడవ మీద జరిగిన కథను 1977లో ఆయనే ఒక ఇంజనీరింగు పత్రికలో వివరంగా వ్రాశారు. మనకు తెలిసిన వివరాలలో చాలా భాగం ఆ వ్యాసం చలవే. 1981లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో ఆయన పేరు చేరింది.

1983 డిసెంబరు 11న, తన 85వ ఏట, న్యూజెర్సీలోని సమ్మిట్ పట్టణంలో హెరాల్డ్ బ్లాక్ కన్నుమూశారు. అప్పటికి ఆయన ఆత్మకథ వ్రాస్తూ ఉన్నారు. పడవ రేవు చేరకముందు అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టదలచుకొన్నారు. అది పూర్తికాలేదు.